గన్‌ఫౌండ్రీ స్థాపకుడు మూసా రేమండు

భాగ్యనగరమున ఆబిడ్సుకును ఫతే మైదానమునకును నడుమ గన్‌ఫౌండ్రీ యను పేట యున్నది. కచేరీలు, పాఠశాలలు, దుకాణములు, ఎడతెగని వాహనముల రద్దీ, వీని మధ్య తిరుగువారు ఆ పేరును దినమునకు పదిమార్లు పలికియుందురు. హైదరాబాదు స్టేటు బ్యాంకు 2017లో భారతీయ స్టేటు బ్యాంకులో విలీనమగు వరకు దాని ప్రధాన కార్యాలయము ఇచ్చటనే యుండెడిది. ఆ సమీపముననే పాత ఇటుక గోడలు కొన్ని మిగిలియున్నవి. అవి ఒకప్పుడు ఫిరంగులను పోతపోసిన కార్ఖానా గోడలు. ఉర్దూలో దానిని తోప్ కా సాంచా అందురు. ఫిరంగి మూస యని దాని యర్థము. దానిని 1786 ప్రాంతమున నెలకొల్పినవాడు ఫ్రెంచి దేశస్థుడగు మిషెల్ జోకిం మరీ రేమండు. అతడు లోకమునకు యోధుడుగనే తెలియును. కాని అతని జీవితమును యుద్ధముల వరుసగా కాక, ఒక వ్యవహారమును అతి స్వల్పముగా ఆరంభించి, వేలమంది పనివారిని చేరదీసి, దానిని తన తరువాతివాని చేతికి పదిలముగా అప్పగింపలేకపోయిన యజమాని కథగా చదువుట మేలు. అంగడి నడుపువారికిని, మఠమునందలి పరిచారకులను పోషించువారికిని ఇందు తెలియదగిన సంగతులు పెక్కులు కలవు.

రేమండు 1755 సెప్టెంబరులో ఫ్రాన్సు దక్షిణ భాగమున గాస్కనీ ప్రాంతమునందలి సెరిన్యాక్ గ్రామమున జన్మించెను. ఇరువది యేండ్ల ప్రాయమున, 1775లో, సోదరునితో కూడి పుదుచ్చేరికి వచ్చెను. వచ్చినది కత్తి పట్టుటకు కాదు, వర్తకము చేయుటకు. ఆ దుకాణపు సంగతి చరిత్రకారులు ఒక్క వాక్యముతో దాటివేయుదురు. సరకు తెచ్చుట, అరువు పెట్టుట, లెక్క వ్రాయుట, ఇచ్చిన మాట తప్పినచో మరునాడు కొనువాడు రాడని తెలిసికొనుట, ఇవి అంగడిలో నేర్వబడు విద్యలు. అతడు తరువాత చేసిన పనులను చూచినచో ఈ విద్యలను మరువలేదనియే తోచును.

అనతికాలముననే అతడు వర్తకము విడిచి సైన్యమున చేరెను. షెవలియే ద లాస్సె యను ఫ్రెంచి నాయకుని క్రింద మైసూరు పాలకుడగు హైదరాలీ పక్షమున పనిచేసెను. 1783లో ఫ్రెంచి సేనాని బుస్సీ రెండవమారు భారతదేశమునకు వచ్చినప్పుడు అతని కొలువున చేరెను. ఈ బుస్సీ తెలుగువారికి క్రొత్తవాడు కాడు. బొబ్బిలి యుద్ధ గాథలలో వినబడు ఆ బుస్సీయే ఇతడు. 1753లో బుస్సీ వ్యాధిగ్రస్తుడై మచిలీపట్టణమున నుండగా హైదరాబాదు దర్బారువారు అతని సైనికులకు జీతములు నిలిపివేసిరి. దళము చెల్లాచెదరగు స్థితి వచ్చెను. బుస్సీ వెంటనే తిరిగివెళ్లి, నిజామగు సలాబత్ జంగు వలన ముస్తఫానగరము, ఏలూరు, రాజమహేంద్రవరము, శ్రీకాకుళము అను నాలుగు సర్కారుల ఆదాయమును సైనికుల జీతముల క్రింద వ్రాయించుకొనెను. ఇతరుల ఖజానా దయపై ఆధారపడి పనివారిని పెట్టుకొనరాదని ముసలి బుస్సీ అనుభవముతో ఎరిగినవాడు. అట్టివాని సన్నిధిని రెండేండ్లు మెలగిన రేమండు ఈ మర్మమును గ్రహింపకుండునా?

1785 జనవరిలో బుస్సీ పుదుచ్చేరిలో మరణించెను. పిమ్మట రేమండు రెండవ ఆసఫ్‌జా యగు నిజాం అలీఖాను కొలువునకు హైదరాబాదు చేరెను. అతని దళము మొదట 300 మందితో ఆరంభమైనది. వారికి ఇచ్చుటకు తుపాకులు సైతము అతనికి సొంతము కావు. తన దేశస్థుడైన యొక వర్తకుని వద్ద తుపాకి యొక్కటికి నెలకు ఎనిమిది అణాల చొప్పున అద్దెకు తెచ్చెను. లెక్క వేసి చూచినచో 300 తుపాకులకు నెల యద్దె 150 రూపాయలు. కొనవలసి వచ్చినచో ఆ మూలధనము అతని వద్ద ఉండియుండదు. అప్పు చేసి కొనియుండినచో తొలినెలల రాబడి యంతయు వడ్డీకే పోయెడిది. పనిముట్లను అద్దెకు తెచ్చి, చేతనున్న పైకమును మనుష్యులపై వెచ్చించుట అతడు వేసిన మొదటి అడుగు. క్రొత్తగా వ్యవహారము పెట్టువారు తొలిదినమే భవనమును, బల్లలను, నామఫలకమును సిద్ధము చేసికొని, నెల తిరుగగనే గుమాస్తాకు జీతమియ్యలేక తల వంచుకొనుట ఏ పేటలోనైనను కనబడుచునే యున్నది.

ఆ కాలపు సైన్యములలో జీతముల రీతి తెలిసిననే గాని రేమండు చేసినదాని విలువ తెలియదు. సర్దారులకు జాగీరులు ఉండెడివి. వారు తమ పరివారమును వెంటబెట్టుకొని యుద్ధమునకు వచ్చెడివారు. సిపాయికి జీతము నిజాము నుండి రాదు, సర్దారు చేతి మీదుగా వచ్చును. ఆ సర్దారు దానిని ఇచ్చినప్పుడు ఇచ్చును, ఇయ్యనప్పుడు లేదు. నెలల తరబడి బకాయిపడుట సాధారణము. అప్పుడు సిపాయిలు సర్దారు వాకిట ధర్నా కూర్చుండి, అతనిని కదలనీయక, అన్నపానములకు పోనీయక బాధించి కొంత రాబట్టుకొనెడివారు. కూలి కొరకు కలహింపవలసినవాడు ప్రాణమొడ్డి పనిచేయడు. గుఱ్ఱమును, ఆయుధమును తనవియే యగుటచే వానిని పోగొట్టుకొనుటకు వెరచి వెనుకంజ వేయును. నాటి పెద్ద సైన్యములు సంఖ్యలో లక్షలుగా కనబడియు, చిన్న దళముల యెదుట నిలువలేకపోవుటకు ఇది యొక ముఖ్య కారణము.

రేమండు దళమున పద్ధతి వేరు. సిపాయికి నెలజీతము నిర్ణయము. తుపాకి, ఉడుపు దళమువే. కవాతు దినదినము తప్పదు. ఎవని పై ఎవడో, ఎవని ఆజ్ఞ ఎవడు పాటింపవలెనో ముందుగనే తెలిసియుండును. ఇది యూరపు పద్ధతియే కాని దక్కనుకు అపూర్వము కాదు. బుస్సీ కాలము నుండి తెలుగుసీమవారు ఇట్టి శిక్షణలో ఆరితేరియుండిరి. ఉత్తరదేశమున యూరపు రీతి కవాతు నేర్చిన సిపాయిలందరిని తెలింగాలు అని పిలిచెడి వాడుక కలుగుటకు, తొలినాళ్లలో అట్టి సిపాయిలు తెలుగు ప్రాంతము నుండి పోయినవారగుటయే కారణము. రేమండు కలుపుగోలు స్వభావము కలవాడు. సిపాయిల భాషలో మాటలాడుట, వారి పండుగలకు అడ్డు రాకుండుట, వారి కష్టము విచారించుట అతని యందు ఉండెడివని నగరమున తరతరములుగా చెప్పుకొందురు. మొస్యో అను ఫ్రెంచి గౌరవపదము వారి నాలుకపై మూసా అయినది. ముసల్మానులు అతనిని మూసా రహీం అనిరి, హిందువులు మూసా రాముడు అనిరి. ఒక్క యజమానికి రెండు మతముల పనివారు తమ తమ దైవముల పేర్లను జోడించి పిలుచుకొనుట, జీతపు చిట్టాలో వ్రాయదగిన సంగతి కాకపోయినను, ఆ చిట్టా సరిగా నుండుట వలననే కలిగినది.

ఇక ఫిరంగుల కార్ఖానా. దళము పెరిగిన కొలది ఆయుధములను ఇతరుల వద్ద అద్దెకు తెచ్చుట లాభకరము కాదు, క్షేమకరమును కాదు. అద్దె ఇచ్చువాడు ఏనాడు తిరిగి యడుగునో తెలియదు. కావున రేమండు నాటి నగరపు ప్రాకారమునకు వెలుపల, మూసీకి ఉత్తరమున, ఈ కార్ఖానాను కట్టించెను. కంచు ఫిరంగిని పోయుట సులభమైన పని కాదు. సుమారు తొమ్మిది పాళ్ల రాగికి ఒక పాలు తగరము కలుపవలెను. పాళము తప్పినచో లోహము మెత్తనై గొట్టము సాగును, లేదా పెళుసై పగులును. జిగటమన్నుతో మూస చేసి, ఆరబెట్టి, కాల్చి, గుంటలో నిలువుగా నిలిపి, కరగిన లోహమును ఒక్క విడతలో ఎడతెగక పోయవలెను. మూసలో తడి మిగిలినచో ఆవిరి పుట్టి లోహము ఎగజిమ్మును, ప్రక్కనున్నవాని ప్రాణము పోవును. చల్లారిన పిదప మన్ను పగులగొట్టి, గొట్టమును తొలిచి, మందుగుండుతో పరీక్షింపవలెను. కంచరివారు, కుమ్మరులు, వడ్రంగులు, కమ్మరులు, తిత్తులు ఊదువారు, బొగ్గు తెచ్చువారు, బండ్లవారు, ఎడ్ల కాపరులు, ఇంతమంది చేతులు కలిసిననే గాని ఒక్క ఫిరంగి వెలువడదు. ఇందు ఒకని అజాగ్రత్త అందరి శ్రమను మట్టిపాలు చేయును. బెదరింపుతో ఇట్టి పని జరుగదు. పని తెలిసిన వానిని ఎన్నుకొని, వాని మాటకు విలువనిచ్చి, వాడు మరియొక చోటికి పోకుండునట్లు చూచుకొనవలెను. తరువాతి కాలమున ఈ ఆయుధశాలలను పరిశీలించిన ఆంగ్లాధికారులు, తమకు పగవారివైనను, ఇందలి పనితనమును మెచ్చుకొనకుండ ఉండలేకపోయిరి. తయారగునవి ప్రాణములు తీయు సాధనములగుట వేరు సంగతి. ఆ పాపపుణ్యముల విచారణ అట్లుంచి, పనిని మాత్రము పనిగా చూచినచో అది చక్కని కాయకమనియే చెప్పవలెను.

మైసూరుతో 1790 నుండి 1792 వరకు జరిగిన యుద్ధమున రేమండు పటాలములు నిజాము పక్షమున పాల్గొనెను. దాని పిమ్మట దళము త్వరత్వరగా పెరిగినది. నిజాము కొన్ని పరగణాల ఆదాయమును దళపు జీతముల నిమిత్తము అతనికి అప్పగించెను. బుస్సీ నాలుగు సర్కారులకు చేసినదే ఇదియు. ఖజానా వాకిట చేయి చాచి నిలువనక్కరలేదు, శిస్తు వసూలైన వెంటనే పటాలమునకు జీతము. అయితే దీనివలన పరగణాలలోని రైతులకును దళమునకును నడుమ మరియొకడు లేకుండపోయెను. ఆ రాబడి రైతు చెమట నుండి వచ్చినదని, సైనికునికి సకాలమున ముట్టిన జీతము ఎవడో దున్నిన చేని ఫలమని మరచిపోరాదు.

ఈ వ్యవహారమున పోటీదారులు లేకపోలేదు. రేమండు పలుకుబడి పెరుగుచుండుట మంత్రి అజీముల్ ఉమరాకు నచ్చలేదు. అమెరికా దేశస్థుడగు బాయిడును, ఫింగ్లాసు అను మరియొకనిని రప్పించి వేరు దళములను ఏర్పరచెను. బాయిడు నిలువలేదు, కొలది కాలముననే మహారాష్ట్రుల కొలువునకు పోయెను. రేమండు దళము మాత్రము పెరుగుచునే యుండెను.

1795 మార్చిలో ఖర్దా వద్ద నిజాము సైన్యమునకును మహారాష్ట్రులకును పోరు జరిగెను. రేమండు పటాలములు పదివేలకు మించియుండెను. ఎదుటి పక్షమునను ఫ్రెంచి నాయకుల చేత శిక్షణ పొందిన పటాలములే. రేమండు సిపాయిలు క్రమము తప్పక నిలిచి పోరాడిరి. కాని నిజాము రాణివాసముతో గూడ యుద్ధభూమికి వచ్చియుండుటచే, భయము పుట్టి, ఇతర సైన్యము చెదరిపోగా, వెనుకకు మరలుమని రేమండునకు ఆజ్ఞ పంపెను. ఆ రాత్రి కలవరములో నిజాము ఖర్దా కోటలో చిక్కుకొని, అవమానకరమగు సంధికి ఒడంబడవలసివచ్చెను. మంత్రి అజీముల్ ఉమరాను పూనా దర్బారునకు బందీగా అప్పగించెను. అపజయము యజమానిదైనను రేమండునకు మాత్రము కీర్తియే మిగిలినది. ఆ సంవత్సరముననే నిజాము జ్యేష్ఠ కుమారుడు అలీజా తిరుగబడి బీదరు చేరినప్పుడు అతనిని వెంబడించి పట్టి తెచ్చిన భారము రేమండుదే. నిజాము అతనికి బిరుదములను, జాగీరులను ఇచ్చెను. మూడువందల మందితో, అద్దె తుపాకులతో మొదలిడిన దళము తుదకు 14,000 వరకు పెరిగినది. నూటికి పైగా యూరపు అధికారులు అతని క్రింద ఉండిరి.

ఇంతటి ఉన్నతి నడుమ మూడు లోపములు ఉండెను. మొదటిది, ఈ దళమునకు కొలువిచ్చువాడు ఒక్కడే. నిజాము మనసు మారినచో మరియొక ఆధారము లేదు. రెండవది, రేమండు తన వ్యవహారమును తన దేశపు రాజకీయముతో కలిపివేసెను. ఫ్రాన్సున విప్లవము జరిగిన పిదప అతని పటాలములు త్రివర్ణ పతాకము ధరించెను. టిప్పు సుల్తానుతో ఫ్రెంచివారు మైత్రి నెరపుచున్న దినములవి. జీతమిచ్చువాడు నిజాము, పతాకము పారిసుది. ఈ సంగతి ఈస్టిండియా కంపెనీవారి కంటికి ముల్లయినది. మూడవదియు పెద్దదియు నగు లోపము, అంతయు రేమండు ఒక్కని చేతిలో నుండుట. ఇతర అధికారులు ఆజ్ఞలను నెరవేర్చువారు మాత్రమే. నిజాముతో మాటలాడుటకు అతడే, పరగణాల లెక్క చూచుటకు అతడే, సిపాయిల అలక తీర్చుటకు అతడే. తన వెనుక ఎవడు, వానికి దర్బారున ఎట్టి పరిచయము కలిగింపవలెను అను విచారము అతడు చేసినట్లు కనబడదు. నలువది దాటినవాడు మరణమును గూర్చి ఆలోచింపకుండుట వింత కాదు. అయినను పదునాలుగువేల కుటుంబములు తన చేతి వైపు చూచుచున్నప్పుడు ఆలోచింపవలసియుండెను.

1798 మార్చి 25న రేమండు హఠాత్తుగా మరణించెను. వయస్సు నలువది రెండు. విషప్రయోగము జరిగినదని కొందరు, తానే ప్రాణము తీసికొనెనని కొందరు చెప్పుకొనిరి. ఏదియు రుజువు కాలేదు. అప్పటికే అజీముల్ ఉమరా పూనా చెర నుండి తిరిగివచ్చి, కంపెనీ పక్షమున గట్టిగా నిలిచియుండెను.

దళాధిపత్యము పీరాన్ అను అధికారికి వచ్చెను. అతడు ధైర్యము లేనివాడు కాడు. కాని దర్బారున మెలగు నేర్పును, సిపాయిల ఆదరమును రేమండుతోనే సమాధియైపోయినవి. మే నెలలో కలకత్తా చేరిన గవర్నరు జనరలు వెల్లస్లీ ఈ అవకాశమును విడువలేదు. 1798 సెప్టెంబరు 1న నిజాముతో ఒడంబడిక కుదిరెను. దాని ప్రకారము కంపెనీ పటాలములు 6,000 మంది సిపాయిలతో హైదరాబాదున నుండవలెను, నిజాము వాని నిమిత్తము సాలునకు 24,17,100 రూపాయలు చెల్లింపవలెను, ఫ్రెంచి అధికారులను తొలగింపవలెను. అక్టోబరు మొదటి పక్షమున కర్నలు రాబర్ట్సు నాయకత్వమున కంపెనీ దళములు నగరము చేరెను. నిజాము చివరి గడియ వరకు వెనుకముందులాడెను. రెసిడెంటు జేమ్సు కర్క్‌పాట్రిక్ ఒత్తిడి చేసి ఆజ్ఞ వెలువరింపజేసెను.

అక్టోబరు 21న ఫ్రెంచి దండులో కల్లోలము పుట్టెను. కంపెనీవారిపై కాదు, తమ అధికారులపై. సిపాయిలకు జీతములు బకాయి యుండెను. అధికారులను తొలగించిరని తెలియగనే, తమ బాకీ తీర్చువాడెవడని సిపాయిలు పీరానును, అతని తోడి అధికారులను చుట్టుముట్టి బంధించిరి. రేమండు ఏ ధర్నాను తన వాకిటికి రానీయక పండ్రెండేండ్లు నడిపెనో, ఆ ధర్నా అతడు పోయిన ఏడు నెలలకే అతని దళమున కూర్చుండెను. మాటలాడుటకై వెళ్లిన కంపెనీ అధికారి జాన్ మాల్కం సైతము ఆ గుంపులో చిక్కుకొనెను. అతనిని కాపాడినవారు ఆ దళపు సిపాయిలే. వారు పూర్వము కంపెనీ పటాలమున మాల్కం క్రింద పనిచేసి, పిదప ఇచ్చట చేరినవారు. అతని వలన తాము పొందిన ఆదరమును వారు మరువలేదు. పాత పనివాని కృతజ్ఞత ఎన్నడు, ఎచ్చట అక్కరకు వచ్చునో ఎవడు చెప్పగలడు?

మరునాడు, అక్టోబరు 22న, కంపెనీ పటాలములు దండును చుట్టుముట్టెను. సిపాయిలు కోరినది ఒక్కటే, తమ బకాయి జీతము. అది ఇప్పింతుమని, కొలువు కోరువారికి కొలువు దొరకునని మాల్కం మాట యిచ్చెను. సిపాయిలు ఆయుధములను నేలనుంచి బారులుగా వెడలిపోయిరి. ఒక్క తుపాకి ప్రేలలేదు. దక్కనున అంత పేరుపొందిన దళము ఒక్క పగటిలో లేకుండపోయినది. ఫిరంగులు, కొట్లు, ఆయుధశాలలు అన్నియు చేతులు మారినవి. ఫ్రెంచి అధికారులను కర్క్‌పాట్రిక్ మర్యాదగా చూచి, వారి సొత్తును వారికి ముట్టునట్లు చేసి, యూరపు పంపుటకై సాగనంపెను. సిపాయిలలో కొందరు ఆంగ్లాధికారుల క్రింద నిజాము కొలువుననే కొనసాగిరి.

గన్‌ఫౌండ్రీ కార్ఖానా క్రమముగా పాడుపడినది. రేమండు సమాధి మలకుపేటకు సమీపమున ఆస్మాన్‌ఘడ్ గుట్టపై నున్నది. నల్లరాతి స్తంభముపై అతని పేరిటి అక్షరములు మాత్రము చెక్కబడియున్నవి. చాల కాలము ఏటేట మార్చి 25న ఆ గుట్టపై ఉరుసు జరిగెడిది. పూర్వపు సిపాయిల సంతతివారు దీపములు వెలిగించెడివారు. ఆరవ నిజాము కాలము వరకు ఆనాడు ప్రభుత్వపక్షమున సమాధి వద్దకు ఒక పెట్టె చుట్టలు, ఒక సీసా మద్యము పంపెడి ఆచారముండెను. 2001 అక్టోబరు వానలకు సమాధి చెంతనున్న స్తంభముల మండపము కూలిపోగా 2003లో తిరిగి కట్టిరి. క్రింది పేట నేటికిని మూసారాంబాగు అనియే పిలువబడుచున్నది.